జూన్ దాకా నేను మైనర్నే

నాకు పుట్టినరోజులు రెండు. మొదటిది శ్రావణమాసంలో, వాన పడుతుండగా, కరెంటు పోయిన వేళ నేను నిజంగానే పుట్టినది. రెండోది ఆ మరుసటి ఏడాది జూన్‌లో, తాతయ్య పెన్ను మూత తీసి బడి రిజిస్టరులో నన్ను పుట్టించినది. మొదటిదానికి అమ్మ పాయసం చేస్తుంది. రెండోదానికి ఫోన్లో పేమెంట్ యాప్ శుభాకాంక్షలు పంపుతుంది.

అమ్మానాన్నలవి తునిలో ఉద్యోగాలు. నేను మాత్రం ఒకటో తరగతి నుంచీ ఆత్రేయపురంలో తాతయ్య దగ్గరే పెరిగాను. అప్పట్లో ఆయన ఊరి బడికి హెడ్మాస్టరు. నన్ను బడిలో వేసుకున్న రోజే పది నెలల వయసు తగ్గించి రాశారు, రేపు గవర్నమెంటు ఉద్యోగాలకు ఏజ్ దాటిపోకూడదని. పలక ఏ వైపు పట్టుకోవాలో కూడా నాకింకా తెలియదు. అప్పటికే నా రిటైర్మెంటు పది నెలలు వెనక్కి జరిగిపోయింది. నా ఒక్కడికే కాదు, ఆయన చేతి మీదుగా చేరిన పిల్లలందరికీ ఈ ఉపకారం జరిగింది. మా ఊళ్లో ఒక తరమంతా జూన్‌లోనే పుట్టింది. ఆసుపత్రి ఎలా తట్టుకుందో ఎవరూ అడగలేదు.

గవర్నమెంటు ఉద్యోగం ఇంకా రాలేదు. ఈలోగా ఆ పది నెలలూ వచ్చి మా పిన్ని వ్యాపారానికి అడ్డం పడ్డాయి.

పిన్ని అంటే మా బాబాయి భార్య. బాబాయి మండపేటలో రైస్ మిల్లు గుమాస్తా. లోడు కదిలితే లారీతో పాటు ఆయనా కదలాలి. ఇంటికి వచ్చేది ఆదివారాలు, అదీ మిల్లువాళ్లకు దయ కలిగితే. ఇక్కడ తాతయ్య, పిన్ని, నేను. పెరట్లో పాకలో పిన్ని కుండ బోర్లించి, కింద కొబ్బరి మట్టల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి కుండ మీద కాగితం లాంటి రేకు లేచి ఉంటుంది. నేనూ ఒకసారి లాగాను. రేకు లేవలేదు, వేలి మీద బొబ్బ లేచింది.

ఏళ్ల తరబడి ఆవిడ చుట్టిన పూతరేకులన్నీ హైవే మీద ఒక స్వీట్ల కొట్టుకు వెళ్లేవి. కొట్టాయన వాటిని తన డబ్బాల్లో పెట్టి అమ్మేవాడు. డబ్బా మీద ఆయన ఫొటో, ఫొటోలో ప్రధానంగా మీసాలు. ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు, నాన్న స్నేహితుడొకాయన మా ఇంటికి వచ్చేదాకా. ఖాళీ చేతులతో రావడం ఎందుకని ఆయన దారిలో ఒక డబ్బా పూతరేకులు కొనుక్కొచ్చాడు. ఆత్రేయపురానికి పూతరేకులు తెచ్చిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. పిన్ని మర్యాద కోసం ఒకటి తీసి కొరికింది. నమలడం ఆపేసింది.

"ఇవి నావే," అంది. "మొన్న మంగళవారం చుట్టినవి. ఈ మీసాలాయన ఎప్పుడు చుట్టాడంట?"

నెల తిరక్కుండా రాజమండ్రిలో కొత్త డబ్బాలు అచ్చు వేయించాం. మీద పిన్ని పేరు. ఫొటో కూడా వేద్దామంటే, "తినేవాళ్లకి నా మొహం దేనికిరా?" అంది.

డబ్బాలు వచ్చాక డబ్బులు ఎవరి ఖాతాలో పడాలన్న ప్రశ్న వచ్చింది. పిన్నికి బ్యాంకు ఖాతా ఉంది. కాని పెళ్లైన కొత్తలో బ్యాంకువాళ్లు ఫోన్ నంబరు అడిగితే బాబాయి నంబరు ఇచ్చారు. ఓటీపీలన్నీ ఆయనకే వెళ్తాయి. ఒకసారి ప్రయత్నించాం కూడా. ఓటీపీ బతికేది రెండు నిమిషాలు. బాబాయి ఫోను తీసేది లారీ టీకొట్టు దగ్గర ఆగినప్పుడు. మేము ఆశ వదులుకుని భోజనాలు చేశాక ఫోన్ చేసి, "ఏవో అంకెలొచ్చేయి, ఏంటివి? లాటరీ ఏమైనా తగిలిందా?" అని అడిగాడు. బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పిద్దాంలే అనుకున్నాం. మా ఇంట్లో అలా అనుకున్న పనులకు ఒక గది కట్టించవచ్చు.

తాతయ్యకు పింఛను ఖాతా ఉంది గాని, దానికి ఫోను గాలి కూడా తగలకూడదని ఆయన నియమం.

మిగిలింది నేను. ఇంటర్లో చేరినప్పుడు బస్సు ఖర్చులకని ఫోనులో ఒక పేమెంట్ ఖాతా తెరుచుకున్నాను. అది పిల్లల కోసం పెట్టిన రకం. గార్డియన్ ఎవరని యాప్ అడిగితే, అరుగు మీద పేపరు చదువుతూ చేతికి అందుబాటులో ఉన్న పెద్దమనిషి వివరాలు ఇచ్చాను. తాతయ్య నాకు గార్డియన్ అయింది అలా. ఆ ఖాతా క్యూఆర్ కోడ్‌కే లామినేషన్ చేయించి, తాడుతో గేటుకు కట్టాను. అప్పటికి నాకు నేనే పెద్ద ఆర్థికమంత్రిలా కనిపించాను.

కార్తీకమాసం వచ్చింది. గుళ్లకు తిరిగే కార్లు మా సందులోకి కూడా తిరగడం మొదలుపెట్టాయి. పై ఊళ్ల నుంచి ఫోన్లో ఆర్డర్లు. పిన్నికి కుండ ముందు నుంచి లేచే తీరికే లేదు. అంతా బాగా నడుస్తోందని తాతయ్య ఒక సాయంత్రం పైకే అన్నారు. అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే కారులో వచ్చిన ఒకావిడ గేటు దగ్గర స్కాన్ చేసి, "పోవట్లేదండీ," అంది.

"సిగ్నల్ అండీ. కొంచెం ఆ కొబ్బరిచెట్టు వైపు రండి," అన్నాను.

ఆవిడ కొబ్బరిచెట్టు వైపు వచ్చింది. అక్కణ్ణుంచి బావి వైపు వెళ్లింది. ఫోను పైకెత్తి పెరడంతా ఒక ప్రదక్షిణ చేసింది. "సిగ్నల్ కాదండీ బాబూ, మీ పేరు పక్కన ఎర్రగా ఏదో రాసొస్తంది."

నా ఫోను తీశాను. అందులోనూ ఎర్రగానే ఉంది. 'ఖాతాదారు మైనర్ అయినందున వ్యాపార స్వీకరణలు అనుమతించబడవు. మీ ఖాతా పరిమితం చేయబడినది.'

పిన్ని పాకలోంచి తల బయట పెట్టింది. "ఏమంటుందిరా?"

"నేను చిన్నపిల్లాణ్ణంట పిన్నీ."

"అది నాకూ తెలుసు. డబ్బుల సంగతేంటి?"

డబ్బులు లోపలే ఉన్నాయి. ఆ నెల ఆర్డర్లవన్నీ. కళ్లకు కనిపిస్తాయి, చేతికి రావు, మ్యూజియంలో రాణిగారి నగల్లా. కొత్తవి లోపలికి పోవు, పాతవి బయటికి రావు. కారు ఆవిడ పర్సులో నోట్లు లేవని చెప్పి, క్షమించండి అంటూ, హైవే మీద కొనుక్కుంటానని వెళ్లిపోయింది. హైవే మీద అంటే మీసాల డబ్బా. పిన్ని చేతిలో గుడ్డను అవసరం కంటే గట్టిగా పిండింది.

యాప్‌లో సహాయం అన్నచోట ఒక మరబొమ్మ ఉంటుంది, రెండు చేతులూ జోడించి. సమస్య రాశాను. 'మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను' అంది. ఇంకొంచెం వివరంగా రాశాను. 'మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను' అంది. ఇంత అర్థం చేసుకునేవాళ్లు మా ఇంట్లో కూడా లేరు. నిజానికి నాకు శ్రావణంలోనే పద్దెనిమిది నిండాయని రాశాను. రుజువు పెట్టమంది. ఆధార్ తీశాను, జూన్. టెన్త్ మెమో తీశాను, జూన్. బస్సు పాసు సైతం జూనే. అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టుకున్నవి. కాపీ కొడితే చెవి మెలేసే మా తాతయ్యే వాటన్నిటికీ మూలం.

అరగంట సేపు చేతులు జోడించాక మరబొమ్మ రెండు దారులు చూపించింది. ఒకటి, జూన్ దాకా ఆగడం. రెండోది, గార్డియన్ వీడియో కాల్‌లో కనిపించి వివరాలు ధ్రువీకరిస్తే డబ్బు బయటికి వదిలి, ఖాతాను ఆయన పేరు మీదికి మార్చడం. పోనీ గార్డియన్‌గా నాన్నను పెట్టుకుంటానన్నాను. గార్డియన్‌ను మార్చాలంటే పాత గార్డియన్ వీడియో కాల్‌లో కనిపించాలట. ఎటు తిరిగినా దారి తాతయ్య అరుగు మీదికే వస్తోంది. ఆ కాల్ కూడా శుక్రవారం దాకా ఖాళీ లేదంది.

ఈలోగా బుధవారం నాడు స్వీట్ల కొట్టాయన స్కూటర్ మీద వచ్చాడు. ఫొటోలో కంటే మీసాలు కొంచెం తక్కువే.

"ఏమ్మా, బావున్నారా? ఆన్‌లైన్ ఏదో ఆగిపోయిందంట కదండీ."

"మీకెవరు చెప్పేరండి?" అంది పిన్ని.

"ఊరే చెప్తందమ్మా. అబ్బాయి మైనరంట." నాకేదో అంటురోగం అన్నట్టు నా వైపు జాలిగా చూశాడు. "చూడండమ్మా, మీ చేతికి వంక పెట్టేవాడు లేడు. కానీ చెయ్యడం వేరు, అమ్మడం వేరండి. మీరు చెయ్యండి, నేను అమ్ముతాను, ఎప్పట్లాగే. కాకపోతే ఈసారి సరుకంతా నాకే. ఈ గేటు దగ్గర అమ్మకాలు, పేరు డబ్బాలు, ఇయ్యన్నీ మనకొద్దు. సోమవారం మనిషిని పంపుతాను, ఆయ్?"

వెళ్తూ వెళ్తూ స్కూటర్ ముందు నుంచి ఖాళీ డబ్బాల కట్ట ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. మడత విప్పని డబ్బాలు. పైనుంచి ఒకే మొహం మమ్మల్ని చూస్తోంది.

రెండు రోజులు పిన్ని ఆ కట్టను తాకకుండా, దాన్ని చుట్టి నడిచింది. అరుగు ఊడ్చినప్పుడు కూడా దాని చుట్టూ ఊడ్చింది. లోపల మంచం కింద తన పేరు డబ్బాలు ఇంకా సగం పైగా ఉన్నాయి. రేకులు తీయడం ఆపలేదు, చుట్టడం ఆపింది. తీసిన రేకులు స్టీలు డబ్బాల్లో దొంతరలుగా పేరుకుంటున్నాయి.

"మీ మరబొమ్మ శుక్రవారం తేల్చకపోతే ఆయనకే ఇచ్చేస్తాను," అంది నాతో. "రేకులు నిలవుంటాయిరా. నేను ఉండలేను."

ఆవిడ పేరు డబ్బా మీద నుంచి చెరిగిపోతే దానికి కారణం నా పుట్టినరోజు అవుతుంది. ఏ పుట్టినరోజు అన్నది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున్న తాతయ్య తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పై కండువా సర్దుకుని అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు. వెనక గోడకు ఆయన సన్మానపత్రం కనబడేలా కుర్చీని తనే జరుపుకున్నారు. నేను ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, దాని వెనక నిలబడ్డాను. తెర మీద ఒక అమ్మాయి వచ్చింది.

"నమస్తే సర్. ఖాతాదారు మీకేమవుతారు?"

"మనవడమ్మా. మా పెద్దవాడి కొడుకు. తెలివైనవాడే గాని శ్రద్ధ తక్కువ."

"ఓకే సర్. వారి పుట్టిన తేదీ చెప్పండి."

ముందు రోజంతా నేను ఆయనకు నేర్పింది ఈ ఒక్క జవాబే. తాతయ్య కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. ఆయన మొహంలో శ్రావణమాసం కమ్ముకోవడం నాకు కనిపించింది.

"వాడు పుట్టిన రోజు నాకు నిన్నటిలా గుర్తమ్మా. శ్రావణ బహుళ విదియ. ఒకటే వాన. కరెంటు లేదు. మంత్రసానిని సైకిలు మీద నేనే తీసుకొచ్చాను."

ఫోను వెనక నుంచి నేను పెదాలతో జూన్, జూన్ అని ఆడించాను. తర్వాత వేళ్లతో గాల్లో రాశాను.

"సర్, మీ పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. కాల్‌లో వేరేవాళ్లు ఉండకూడదు సర్."

"వేరేవాళ్లు కాదమ్మా. వాడే ఆ మైనరు."

"సర్, ఇంగ్లీషు తేదీ చెప్పండి. మీరు చెప్పింది ఆగస్టు అవుతుంది కదా? మా రికార్డులో వేరే తేదీ ఉంది. తేడా ఉంది సర్."

"ఉంటుందమ్మా," అన్నారు తాతయ్య నిబ్బరంగా. "ఆ తేడా నేనే పెట్టాను."

తెర మీద అమ్మాయి ఒక్క క్షణం కదల్లేదు. నెట్ ఆగిందనుకున్నాను. ఆగలేదు. 'ధ్రువీకరణ విఫలమైనది' అన్న అక్షరాలు వచ్చాయి, అవీ ఎర్రగానే. మళ్లీ ప్రయత్నించే వీలు లేదు, జూన్ దాకా.

"ఏంటి తాతయ్యా ఇది?" అన్నాను.

"ఒరేయ్, అప్పుడు అబద్ధం రాశాను గాని, నోటితో చెప్పలేనురా."

"అప్పుడు రాసిందానికే ఇప్పుడు నోరు కదపమన్నాను."

"రాసింది నీ మేలు కోరి."

"ఇప్పుడు చెప్పమన్నదీ నా మేలుకే."

"అంత పద్ధతిగా అడుగుతుంటే ఆ పిల్లకి ఎలా చెప్పనురా అబద్ధం? అయినా రిజిస్టరులో రాయడం అబద్ధం కాదు, సర్దుబాటు."

గేటు దగ్గర ఒక కారు ఆగి, ఎర్ర అక్షరాలు చూసుకుని, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మేమిద్దరం సర్దుబాటుకూ అబద్ధానికీ మధ్య ఎంత దూరమో కొలుస్తూనే ఉన్నాం. పిన్ని తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పాకలోంచి వచ్చింది.

"అయ్యిందాండీ పంచాయితీ?" అంది. "మావయ్యగారూ, వీడికి పుట్టినరోజులు రెండు. నాకు అసలే లేదు. మా అమ్మనడిగితే గట్టు తెగిన ఏడు, ఊడ్పులప్పుడు అంటుంది. ఆధార్ వాళ్లు జనవరి ఒకటి అని వేసి పంపించేరు. నాకున్నది అదొక్కటే. దానికి తేడా చెప్పేవాళ్లెవరూ లేరు." నా వైపు తిరిగింది. "నా పాస్‌బుక్కు తియ్యి. బ్యాంకుకెళ్దాం."

"నంబరు మార్చాలి పిన్నీ. పాత నంబరుకి ఓటీపీ వెళ్తుంది. బాబాయి..."

ఆవిడ అప్పటికే బాబాయికి ఫోన్ చేస్తోంది. "ఎక్కడున్నారు? తుని దగ్గరా? నేను బ్యాంకులోకి వెళ్లి చెప్తాను. చెప్పగానే లారీ పక్కకి ఆపించండి. ఫోను చేతిలో పట్టుకుని కూర్చోండి. టీకి కూడా దిగొద్దు."

బాబాయి లోడు ఆగడమన్నది ఇంతకుముందు ఒక గేదె వల్ల జరిగిందంటారు, అంతే. ఆ రోజు పిన్ని వల్ల ఆగింది. బ్యాంకులో కౌంటరు వెనకాయన కాగితం చూసి, "మీవారు కూడా వస్తే బాగుండేదమ్మా," అన్నాడు. "ఖాతా నాదండి. ఆయనది నంబరే," అంది పిన్ని. ఆయన ఏదో నొక్కాడు. పిన్ని ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. బ్యాంకంతా వినబడేలా బాబాయి గొంతు, వెనక హైవే హారన్లు.

"వచ్చేయి అంకెలు. కానీ ఇందులో ఎవరికీ చెప్పొద్దని రాసుందే!"

"ఎవరికీ చెప్పొద్దు. నాకే చెప్పండి. ఖాతా నాదే కదా."

తుని దగ్గర కొంత ఆలోచన జరిగింది. తర్వాత అంకెలు ఒక్కొక్కటిగా వచ్చాయి. కౌంటరు వెనకాయన తల ఊపాడు. ఇన్నేళ్లు జరగని పని అది, లారీ తిరిగి స్టార్టయ్యేలోపు అయిపోయింది.

ఆ సాయంత్రం గేటుకు కొత్త క్యూఆర్ కట్టాను. నా పాతదాన్ని తీసేస్తుంటే పిన్ని చూసి, "పారెయ్యకు, పొయ్యి దగ్గర విసురుకోడానికి పనికొస్తుంది," అంది. నా ఆర్థికమంత్రి పదవి అలా ముగిసింది.

తర్వాత ఆవిడ అరుగు మీది కట్టను మొదటిసారి చేతుల్లోకి తీసుకుంది. పాకలోకి నడిచింది. ఒక డబ్బా లాగి కుండ కింద మంటలో పడేసింది. మీసాలు ముందు వంకర తిరిగాయి, తర్వాత నల్లబడ్డాయి. ఈ ఇంట్లో చరిత్ర జరుగుతోంది అనుకున్నాను. కాని డబ్బా మీద ప్లాస్టిక్ పూత ఉంటుందన్న సంగతి చరిత్రకు గుర్తులేదు. నల్లటి పొగ లేచి పాకంతా కమ్మింది. పిన్ని దగ్గుకుంటూ బయటికి పరుగెత్తింది. ఆ వాయి రేకులన్నీ టైర్ల కొట్టు వాసన కొట్టాయి. పెరట్లో మా గేదె కూడా తినలేదు. మిగిలిన డబ్బాలను సోమవారం వచ్చిన మనిషికి మర్యాదగా అప్పగించాం. ఒకటి తక్కువైందేమిటని అతను అడిగాడు. కాలిపోయిందని తాతయ్య నిజమే చెప్పారు.

డిసెంబరు గడిచింది. నా ఖాతాలో డబ్బు అలాగే అద్దాల వెనక ఉంది. పిన్ని వారానికోసారి నా ఫోను తీయించి, అది ఇంకా ఉందో లేదో చూసుకుని, నిట్టూర్చి వెళ్లేది. గేటు దగ్గర మాత్రం డబ్బులు పడినప్పుడల్లా ఆవిడ ఫోను మోగేది. తాతయ్య మధ్యాహ్నం నిద్ర పాడైపోయిందని రోజూ ఫిర్యాదు చేసేవారు. అయినా ఆ మోత వినబడని రోజు, "ఏమ్మా, ఇవాళ మోగట్లేదేంటి?" అని ఆయనే అడిగేవారు.

జనవరి ఒకటిన పొద్దున్నే ఆ ఫోను ఒకసారి మోగింది. గేటు దగ్గర ఎవరూ లేరు. పిన్ని మెసేజ్ తెచ్చి నాకు చూపించింది. బ్యాంకువాళ్లు. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆవిడ పేరుతో, కింద ఒక కేకు బొమ్మ.

ఆవిడ ఆ కేకును చాలాసేపు చూసింది. ఆ రోజు ఇంట్లోనే ఉన్న బాబాయి వైపు తిరిగింది.

"ఏవండీ, ఇది ప్రతి ఏడూ వస్తుందా?"

"ఆఁ, జనవరి ఒకటిన ఏదో కేకు వస్తుంది నాకు," అన్నాడు బాబాయి టీ ఊదుకుంటూ. "కొత్త సంవత్సరానికి అందరికీ పంపుతారనుకుని తీసేసేవాణ్ణి."

"అయితే ఇన్నేళ్లూ నా పుట్టినరోజు మీకొస్తోందన్నమాట."

బాబాయి టీ ఊదడం ఆపాడు. నాకు తెలిసి ఆయన్ని ఓటీపీ అడిగినప్పుడు కూడా అంత ఆలోచించలేదు. లేచి, చెప్పులు వేసుకుని, ఎక్కడికో బయల్దేరాడు. కేకు తెస్తాడనుకున్నాం. పూతరేకుల డబ్బా తెచ్చాడు, హైవే మీద నుంచి, మీసాలతో సహా.